అడిగే గొంతు లేని పద్దులు



ఇవాళ మీతో రెండు చోట్ల గురించి మాట్లాడదామని వచ్చాను. ఒకటి జైలు. రెండోది పొలం. ఈ రెంటికీ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. మన రాజ్యాంగంలో ఏడో షెడ్యూలు అని ఒకటుంది. ఏ పని ఢిల్లీది, ఏ పని రాష్ట్రానిది అని పంచిపెట్టేది అదే. అందులో రాష్ట్రాల జాబితా చూస్తే నాలుగో అంశం జైళ్లు. పద్నాలుగో అంశం వ్యవసాయం. అంటే జైల్లో ఏం జరిగినా, పొలంలో ఏం జరిగినా ముందుగా జవాబు చెప్పాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే.

ఇలాంటి పంపకమే సముద్రాల అవతల బ్రిటన్‌లోని స్కాట్లాండ్‌లోనూ ఉంది. అక్కడ కూడా జైలు, పొలం రెండూ అక్కడి ప్రభుత్వం చేతిలోనివే. ఈ పూట ఆ కథ చెబుతాను. ఎందుకంటే అక్కడ ఆ ప్రభుత్వం పుట్టి ఎంతో కాలం కాలేదు. పాతికేళ్లు దాటిందంతే. అధికారం దగ్గరికి వస్తే ఏం మారుతుంది, ఏం మారదు అన్నది ఆ పాతికేళ్లలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు కాస్త వెనక్కి వెళదాం. స్కాట్లాండ్ ఒకప్పుడు వేరే రాజ్యం. 1707లో ఇంగ్లండ్‌తో కలిసింది. అప్పటి నుంచి దాని పార్లమెంటు మూతపడింది. దాదాపు మూడు వందల ఏళ్లు అన్నీ లండన్‌లోనే తేలాయి. 1997 సెప్టెంబరులో ప్రజల ఓటు అడిగారు. మాకు మా పార్లమెంటు కావాలని జనం గట్టిగా చెప్పారు. 1999లో రాజధాని ఎడిన్‌బరాలో పార్లమెంటు మళ్లీ కూర్చుంది. 129 మంది సభ్యులు. అది ఉన్న చోటు పేరు హోలీరూడ్. మనం కేంద్ర ప్రభుత్వాన్ని ఢిల్లీ అన్నట్టు వాళ్లూ తమ పార్లమెంటును హోలీరూడ్ అనే అంటారు. సైన్యం, విదేశీ వ్యవహారాలు లండన్ దగ్గరే ఉండిపోయాయి. బడులు, ఆసుపత్రులు, పోలీసులు, జైళ్లు, వ్యవసాయం ఎడిన్‌బరాకు వచ్చాయి.

అప్పుడు జనం ఆశ ఏమిటి? ప్రభుత్వం దగ్గరికి వచ్చింది కాబట్టి జవాబు కూడా దగ్గరికి వస్తుందని. ఎంత సహజమైన ఆశ! మనకూ తెలిసిన ఆశే. రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు, విడిపోయినప్పుడు మన ఊళ్లలోనూ ఇదే ఆశ కదా. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ అంటాను. ప్రభుత్వం దగ్గరికి వచ్చినంత మాత్రాన జవాబు రాదు. ఎవరో ఒకరు అడగాలి. అడిగే గొంతు లేని పద్దులోంచే డబ్బు ముందుగా కదిలిపోతుంది.

ఇప్పుడు జైలు సంగతి వినండి.

గ్లాస్గో నగరంలో బార్లినీ అనే జైలుంది. 1882లో తెరిచారు. రాతి గోడలు. అంతస్తుల మీద అంతస్తులు. చిన్న చిన్న గదులు. చాలా గదుల్లో మరుగుదొడ్డి లేదు. రాత్రి తాళం పడిందంటే మళ్లీ తెల్లారాకే తీస్తారు. ఆ మధ్యలో అవసరం వస్తే? గదిలోనే ఒక పాత్ర పెట్టుకోవాలి. ఆ గది ఒక్కరి కోసం కట్టింది. అందులో ఇద్దరు. ఒకరి కళ్లెదుట ఒకరు. పొద్దున్నే తలుపులు తీయగానే ఆ పాత్రలు పట్టుకుని వరసలో నడిచి వెళ్లి పారబోసి రావాలి. ఒకే తొట్టి దగ్గర అందరూ. ఆ వాసనలోనే రోజు మొదలు.

ఇది ఏ కాలం మాట అనుకుంటున్నారు? విక్టోరియా రాణి కాలం కాదు. 2001 మాట. ఇంటర్నెట్ వచ్చాక, మొబైల్ ఫోన్లు వచ్చాక కూడా స్కాట్లాండ్ జైళ్లలో ఈ పద్ధతి నడిచింది. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో 1996లోనే దీన్ని ఆపేశామని ప్రకటించారు. స్కాట్లాండ్‌లో ఆగలేదు. జైళ్ల తనిఖీ అధికారులు ఏటేటా నివేదికల్లో రాశారు. ఇది మనుషులకు తగదని రాశారు. నివేదికలు సభకు వెళ్లాయి. బీరువాల్లోకీ వెళ్లాయి.

డబ్బు లేదా అంటే ఉంది. సరిగ్గా కొత్త ప్రభుత్వం వచ్చిన 1999లోనే జైళ్ల పద్దులోంచి కోటీ 30 లక్షల పౌండ్లు తీసి వేరే అవసరాలకు మళ్లించారు. మరోసారి చెబుతాను. మరుగుదొడ్లు లేని జైళ్ల పద్దులోంచి కోటీ 30 లక్షల పౌండ్లు తీశారు. ఆ డబ్బుతో చేసినవి మంచి పనులే కావచ్చు. నేను దాన్ని కాదనను. కానీ ఎందులోంచి తీశారో చూడండి. ఆసుపత్రి పద్దులోంచి తీస్తే మర్నాడు పత్రికల నిండా అదే ఉండేది. బడి పద్దులోంచి తీస్తే తల్లిదండ్రులు రోడ్డెక్కేవాళ్లు. జైలు పద్దులోంచి తీస్తే ఓటు పోయే భయం ఎవరికీ లేదు.

చివరికి అడిగింది ఎవరు? ఒక విచారణ ఖైదీ. అతని నేరం ఇంకా రుజువు కాలేదు. బార్లినీలో ఉన్నాడు. ఒంటి నిండా చర్మవ్యాధి. ఆ గదిలో, ఆ గాలిలో అది ముదిరింది. అతను కోర్టుకు వెళ్లాడు. అతని వకీళ్లు పట్టుకున్న ఆయుధం ఏమిటో చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ప్రభుత్వానికి జన్మనిచ్చిన చట్టమే. 1998 నాటి స్కాట్లాండ్ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. యూరోపు మానవ హక్కుల ఒప్పందానికి విరుద్ధంగా ఏ పనీ చేసే అధికారం స్కాట్లాండ్ మంత్రులకు లేదు అని అందులో రాసి ఉంది. అధికారం ఇచ్చిన చట్టమే ఆ హద్దూ గీసిందన్నమాట. మనిషిని ఇలా బతకమనడం ఆ హద్దు దాటడమేనని వకీళ్లు వాదించారు. 2004 ఏప్రిల్‌లో న్యాయమూర్తి లార్డ్ బోనొమీ తీర్పు చెప్పారు. ఇది మనిషిని కించపరిచే తీరు, చట్టవిరుద్ధం అన్నారు. ఆ ఖైదీకి దక్కిన పరిహారం సుమారు 2,400 పౌండ్లు.

అక్కడితో ఆగలేదు. అలాంటి గదుల్లో బతికిన ఖైదీలు ఒక్కొక్కరే దావాలు వేశారు. ప్రభుత్వం మిలియన్ల పౌండ్లు పరిహారంగా చెల్లించాల్సి వచ్చింది. ఇలాంటి దావాలకు గడువు ఏడాదే అని 2009లో ఒక చట్టం కూడా చేయాల్సి వచ్చింది. ఆ పాత్రల పద్ధతి పూర్తిగా పోయింది ఎప్పుడో తెలుసా? పీటర్‌హెడ్ అనే చోట పాత జైలు 2013 చివర్లో మూతపడ్డాక. అంటే సొంత పార్లమెంటు వచ్చిన పద్నాలుగేళ్లకు. మరుగుదొడ్లకు లేకుండాపోయిన డబ్బు పరిహారాలకు పోయింది. ఆ పద్నాలుగేళ్లలో లోపల ఉన్నవాళ్లకు పోయిన మర్యాద మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

నన్ను ఇందులో కలచివేసేది ఒకటుంది. 129 మంది సభ్యులున్న సభ. తనిఖీ అధికారి నివేదికలున్నాయి. పత్రికలున్నాయి. జవాబు రాబట్టింది మాత్రం తాళం వెనక ఉన్న ఒక రోగి.

మీలో కొందరికి ఒక సందేహం వస్తుంది. తప్పు చేసి లోపలికెళ్లినవాడికి సౌకర్యాలెందుకండీ అని. ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. సూటిగానే జవాబు చెబుతాను. కోర్టు వేసే శిక్ష స్వేచ్ఛ పోవడం. అంతే. మలం ఉన్న పాత్ర పక్కన పడుకోమని ఏ న్యాయమూర్తీ శిక్ష రాయడు. పైగా లోపలున్న అందరూ నేరస్థులని ఎవరు చెప్పారు? మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ల కేసు ఇంకా తేలలేదు. వాళ్లలో రేపు నిర్దోషులుగా బయటికి వచ్చేవాళ్లుంటారు. అందుకే జైలు సంగతి అడగడం అంటే నేరాన్ని వెనకేసుకు రావడం కాదు. ప్రభుత్వం తాళం వేసిన గదిలో ఏం చేస్తోందని అడగడం.

సరే, ఇప్పుడు పొలానికి వెళదాం.

స్కాట్లాండ్ అంటే చాలావరకు కొండలు, గడ్డి నేలలు, చలి, వాన. మన గోదావరి జిల్లాల్లా ఏది వేస్తే అది పండే నేల కాదు. గొర్రెలు, ఆవులే ఎక్కువ. అక్కడి చాలా కొండ పొలాల్లో ప్రభుత్వ సాయం తీసేస్తే ఆ ఏటి లెక్క నష్టంలోనే తేలుతుంది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో ఆ సాయం యూరోపు నుంచి వచ్చేది. పంచే పని ఎడిన్‌బరాది. ఏటా డిసెంబరు నుంచి రైతు ఖాతాలో పడటం మొదలయ్యేది. చలికాలం దాణా కొనడానికి, ఎరువు అప్పు తీర్చడానికి, పశువుల డాక్టరుకు ఇవ్వడానికి రైతు ఆ నెల మీదే ఆశ పెట్టుకుంటాడు.

2015లో యూరోపు నియమాలు మారాయి. కొత్త నియమాలకు కొత్త కంప్యూటర్ వ్యవస్థ కావాలని ఎడిన్‌బరా ప్రభుత్వం పని మొదలుపెట్టింది. మొదట వేసిన అంచనా పది కోట్ల పౌండ్ల పైచిలుకు. అది పెరిగి పెరిగి దాదాపు పద్దెనిమిది కోట్లకు చేరింది. అంత ఖర్చయ్యాక వ్యవస్థ సరిగ్గా పనిచేసిందా? లేదు. డిసెంబరు వచ్చింది. చాలామంది ఖాతాల్లో ఏమీ పడలేదు. జనవరి. ఫిబ్రవరి. ఫోన్ చేస్తే ఇదిగో, అదిగో. గొర్రెలు ఈనే కాలం వచ్చేసింది. దాణా దుకాణం వాడు బాకీ అడుగుతున్నాడు. పొలంలో పని ఆపడానికి లేదు. ఖాతాలో డబ్బు లేదు.

2016 మార్చిలో రైతులు ఎడిన్‌బరాకు వచ్చి పార్లమెంటు ముందు నిలబడ్డారు. రైతు సంఘం వాళ్లకు బలంగా ఉంది. పల్లె నియోజకవర్గాల సభ్యులు సభలో లేచారు. ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడి ముఖ్యమంత్రి సభలో ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అక్కడ ఆ పదవిని ఫస్ట్ మినిస్టర్ అంటారు. అప్పుడు ఆ పదవిలో ఉన్నది నికోలా స్టర్జన్. ఆ గురువారాల్లో రైతు డబ్బు ప్రశ్న పదే పదే వచ్చింది. ప్రభుత్వం దిగివచ్చింది. తన సొంత నిధుల నుంచి ముందస్తు అప్పుగా రైతులకు డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంది. క్షమాపణ చెప్పింది. ఆ మే నెలలో వ్యవసాయ మంత్రి మారారు. అదే నెలలో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఆడిట్ స్కాట్లాండ్ తన నివేదికలో కుండబద్దలు కొట్టింది. పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలం ఈ వ్యవస్థ నుంచి రాదని రాసింది.

ఇప్పుడు ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ అదే ప్రభుత్వం. అదే సభ. అదే చట్టం. రైతుకు కొన్ని నెలల్లో ఏదో ఒక దారి దొరికింది. ఖైదీకి ఏళ్లు పట్టింది. తేడా ఎక్కడుంది? రైతుకు సంఘం ఉంది. ఓటుంది. ట్రాక్టరుంది. పార్లమెంటు ముందు నిలబడే కాళ్లున్నాయి. ఖైదీకి ఇవేవీ లేవు. ప్రభుత్వం దగ్గరగానే ఉంది ఇద్దరికీ. అడిగే గొంతు మాత్రం ఒక్కరికే ఉంది.

ఇక ఇంకో చిక్కు. రెండు ప్రభుత్వాలు ఉన్నచోట వచ్చే చిక్కు. రెండు పొలాల మధ్య గట్టు ఉంటుంది చూడండి. ఆ గట్టు మీద కలుపు మొలిస్తే ఎవరు పీకాలి? ఇటు రైతు అటు చూపిస్తాడు. అటు రైతు ఇటు చూపిస్తాడు. కలుపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. లండన్‌కూ ఎడిన్‌బరాకూ మధ్య అలాంటి గట్టు మీద పడ్డ సంగతులు రెండు చెబుతాను.

మొదటిది పొలానిది. అప్పట్లో స్కాట్లాండ్ రైతులకు ఎకరానికి అందే సాయం యూరోపు సగటు కంటే బాగా తక్కువగా ఉండేది. ఆ తక్కువను పూడ్చడానికి 2014 నుంచి 2020 వరకు ఖర్చు పెట్టమని యూరోపు బ్రిటన్‌కు అదనపు సొమ్ము ఇచ్చింది. స్కాట్లాండ్ నేలలు లేకపోతే బ్రిటన్‌కు ఆ సొమ్ము వచ్చేదే కాదు. కానీ లండన్ దాన్ని బ్రిటన్‌లోని నాలుగు ప్రాంతాలకూ పాత వాటాల ప్రకారమే పంచేసింది. ఇక్కడ ఎడిన్‌బరా ప్రభుత్వం లండన్ వైపు వేలు చూపించింది. ఆ వేలు చూపించడం న్యాయమే. ఏళ్ల తరబడి అడిగితే, 2019లో 16 కోట్ల పౌండ్లు స్కాట్లాండ్‌కు ఇస్తామని లండన్ ఒప్పుకుంది. కాబట్టి పక్కవాడి మీదికి నెట్టడం ప్రతిసారీ సాకు కాదు. కొన్నిసార్లు నిజం. ఏది సాకు, ఏది నిజం అని తేల్చడమే మన పని.

రెండోది జైలుది. ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది. పోల్మాంట్ అనే చోట కుర్రవాళ్లను ఉంచే జైలుంది. 2018లో అక్కడ ఇద్దరు చనిపోయారు. తమ ప్రాణం తామే తీసుకున్నారు. ఒకరికి 21 ఏళ్లు. ఇంకొకరికి 16. కన్నవాళ్లు, ఇంటివాళ్లు ఆరేళ్లకు పైగా తిరిగారు. 2025 జనవరిలో విచారణ నివేదిక వచ్చింది. తగిన జాగ్రత్తలు తీసుకుని ఉంటే ఆ ఇద్దరూ బతికేవాళ్లేమో అని న్యాయాధికారి రాశారు. చేయాల్సిన మార్పులు చెప్పారు. ప్రభుత్వం అన్నింటినీ ఒప్పుకుంది.

మరి బాధ్యుల మీద కేసు? ఇక్కడే గట్టు వచ్చింది. ఒక కార్ఖానాలో యాజమాన్యం నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే భద్రతా చట్టం కింద కేసు పెట్టవచ్చు. ప్రభుత్వ జైలు మీద అలా పెట్టడానికి లేదు. రాజు పేర నడిచే సంస్థలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు తీసేయాలని ఇంటివాళ్లు అడిగారు. తీసేయడానికి మాకూ ఇష్టమే, కానీ ఆ చట్టం లండన్ చేతిలో ఉందని ఎడిన్‌బరా అంది. జైలు ఎడిన్‌బరాది. జైలును కోర్టుకు లాగే చట్టం లండన్‌ది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఏ తలుపు తట్టాలి?

ఒక్క మంచి మాట కూడా చెప్పాలి. 2024 ఆగస్టు చివరి నుంచి 18 ఏళ్లు నిండని పిల్లల్ని అక్కడ అలాంటి జైళ్లకు పంపడం మానేశారు. ఎప్పుడో చేయాల్సింది. ఇప్పటికైనా చేశారు.

ఈ మధ్య సంగతులకు వద్దాం. త్వరగా చెబుతాను.

జైళ్లు కిక్కిరిసిపోయాయి. చోటు చాలక 2024 వేసవిలో 477 మందిని గడువుకు ముందే వదిలేశారు. బార్లినీ బదులు గ్లాస్గోలో కొత్త జైలు కడుతున్నారు. మొదట్లో దానికి పది కోట్ల పౌండ్లన్నారు. 2025లో చెప్పిన లెక్క దాదాపు వంద కోట్లు. పది ఎక్కడ, వంద ఎక్కడ! ధరలు పెరిగాయన్నది నిజమే. జాప్యం చేసిన కొద్దీ పెరుగుతాయన్నదీ నిజమే. పాత జైలు ఇక పనికిరాదని తనిఖీ అధికారులు ఏనాడో చెప్పారు. అప్పుడు విననందుకు అయిన ఖర్చు ఎంత అని ఇప్పుడు సభ అడగాలి.

పొలం వైపు 2024లో కొత్త వ్యవసాయ చట్టం వచ్చింది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడ్డాక సొంత విధానం కావాలి కదా. కానీ ఆ చట్టంలో చట్రమే ఉంది. ఎవరికి ఎంత, ఏ షరతు మీద అన్నది తర్వాత మంత్రి చేసే నియమాల్లో వస్తుంది. ఇలాంటి చట్టాలంటే నాకు భయం. చట్టం చేసేటప్పుడు సభ నిండుగా ఉంటుంది. కెమెరాలుంటాయి. నియమాలు వచ్చేటప్పుడు చూసేవాళ్లు తక్కువ. రైతు బతుకు ఉండేది ఆ నియమాల్లోనే.

ఇంకో సంగతి వినగానే మీకు 1999 గుర్తొస్తుంది. వ్యవసాయానికని కేటాయించిన డబ్బులో కొంత ఎడిన్‌బరా ప్రభుత్వం ఇబ్బంది రోజుల్లో వేరే అవసరాలకు వాడుకుంది. తిరిగి ఇస్తామంది. రైతు సంఘం ఆ మాటను మరవనివ్వలేదు. 2024 డిసెంబరు బడ్జెట్‌లో 4 కోట్ల 60 లక్షల పౌండ్లు తిరిగి పెడుతున్నామని చెప్పించే దాకా వదల్లేదు. పాతికేళ్ల కింద జైలు పద్దులోంచి తీసిన డబ్బు గురించి అలా పట్టుబట్టే సంఘం ఏదీ లేదు.

మరి అక్కడి సామాన్యుడికి అడిగే దారులేమున్నాయి? నాకు బాగా నచ్చినవి రెండు చెబుతాను. గురువారం మధ్యాహ్నం ప్రశ్నలు కాదు. అక్కడ వేడి ఎక్కువ, జవాబు తక్కువ. ఒకటి పార్లమెంటుకు పెట్టుకునే అర్జీ. ఒక్క సంతకం చాలు. లక్ష సంతకాలు అక్కర్లేదు. అర్జీలు చూసే కమిటీ ఉంటుంది. అది మంత్రిని, అధికారులను రాతపూర్వకంగా అడుగుతుంది. ఆ జవాబులు అందరూ చదవవచ్చు. రెండోది జైళ్లకు వెళ్లే మామూలు మనుషులు. 2015 నుంచి జీతం లేని స్వతంత్ర పరిశీలకులు ప్రతి జైలుకూ ఉన్నారు. వాళ్లు ఊళ్లో టీచర్లు కావచ్చు, రిటైరైన ఉద్యోగులు కావచ్చు. గేటు దాటి లోపలికి వెళ్తారు. ఖైదీలతో మాట్లాడతారు. చూసింది రాస్తారు. గోడ అవతలి గొంతును గోడ ఇవతలికి తెచ్చే మనుషులు వాళ్లు.

2020లో అక్కడ ఇంకో చట్టం వచ్చింది. ఏడాది లోపు శిక్ష పడిన ఖైదీలు హోలీరూడ్ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. కొద్దిమందికే ఆ హక్కు. అయినా అభ్యర్థికి జైలు గేటు వైపు చూడాల్సిన కారణం ఒకటి పుట్టింది. మన దగ్గర 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జైల్లో ఉన్న మనిషికి ఓటు లేదు. శిక్ష పడకుండా విచారణలో ఉన్నవాళ్లకు కూడా లేదు. ఇది మారాలన్నది నా గట్టి నమ్మకం.

మన ఇంటి సంగతి కూడా రెండు ముక్కలు మాట్లాడుకుందాం. ఎందుకంటే ఈ రెండు పద్దులూ మన రాష్ట్రాలవే.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అనేక రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలున్నాయని, అవి చెల్లవని కొట్టేసింది. ఊడ్చే పని ఒక కులానికి, వంట పని ఇంకో కులానికి. స్వతంత్రం వచ్చి డెబ్బై ఏళ్లు దాటాక కూడా పుస్తకంలో అలా రాసి ఉంది! ఆ పుస్తకాలు మార్చే అధికారం ఎవరిది? రాష్ట్రాలది. ఢిల్లీ అడ్డుపడలేదు. లోకం అడ్డుపడలేదు. ఇన్ని అసెంబ్లీలు, ఇన్నేళ్లు. ఆ కేసు పుట్టింది ఒక పాత్రికేయురాలు ఓపికగా రాసిన కథనాల నుంచి. మళ్లీ అదే మాట. అధికారం దగ్గరే ఉంది. అడిగే గొంతు ఆలస్యంగా వచ్చింది.

పొలంలోనూ మన దగ్గర అలా గొంతు లేని మనిషి ఒకరున్నారు. కౌలు రైతు. సంఘాలున్నా, రైతు అనగానే లెక్కలోకి వచ్చేది పట్టాదారు పేరే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టా ఉన్నవాళ్లకు అందింది. దున్నేది కౌలుదారైతే అతని పేరు ఆ జాబితాలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు ఇస్తామన్నారు. మంచిదే. కానీ ఆ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే రేపు భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని కౌలు రైతు భయం. ఈ రెండు భయాల మధ్య కార్డు ఆగిపోతుంది. ప్రభుత్వం దగ్గర ఆ పథకం కాగితం మీద భేషుగ్గా ఉంటుంది.

జైలూ పొలమూ ఒక్కటైన చోటు కూడా మనకుంది. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం. ఎత్తైన గోడల జైలు కాదు. ఓపెన్ ఎయిర్ జైలు. ఖైదీలు పొలం పని చేస్తారు. అలాంటిదే హైదరాబాద్ పక్కన చర్లపల్లిలోనూ ఉంది. ఇలాంటివి ఇంకా ఎందుకు రాలేదు, ఉన్నవాటిలో ఖాళీలెన్ని, పనిచేసిన ఖైదీకి కూలి ఎంత ఇస్తున్నారు అని ఒక ఎమ్మెల్యే సభలో రాతపూర్వక ప్రశ్న వేస్తే చాలు. మంత్రి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఆ కాగితం రికార్డులో ఉంటుంది. మీ ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు రోడ్డు, నీళ్లు, పింఛను అడుగుతారు కదా. వాటితో పాటు ఈ ప్రశ్న కూడా రాసి చేతికివ్వండి.

మీరే అడగాలనుకుంటే సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చింది. మీ జిల్లాలోని జైలుకు సందర్శకుల బోర్డు ఉండాలి. అధికారులు కాని పౌరులకు కూడా అందులో చోటుంది. ఆ బోర్డులో ఎవరున్నారు, ఆఖరిసారి ఎప్పుడు జైలుకు వెళ్లారు, అక్కడి సందర్శకుల పుస్తకంలో ఏం రాశారు అని జైళ్ల శాఖను అడగండి. అలాగే మీ మండలంలో ఎంతమంది కౌలు రైతులకు కార్డులిచ్చారు, ఆ కార్డు మీద బ్యాంకు అప్పు ఎంతమందికి దొరికింది అని వ్యవసాయ అధికారిని అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆ పై ఆఫీసుల్లో 10 రూపాయలు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. ఎందుకు కావాలి అని వాళ్లు మిమ్మల్ని అడగకూడదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.